రేకు మీద వాన ఏ రంగు

మా మామయ్య ఒనోఫ్రే ఇళ్లకు రంగులేస్తాడు
వాల్పరాయిసో కొండల మీద, ముప్పై ఎనిమిదేళ్లుగా.
గోడలకు కాదు, రేకులకు.
ఇక్కడ ఇళ్లన్నీ ముడతల రేకు తొడుక్కుని నిలబడతాయి.
రేవుగాలికి తుప్పు, తుప్పుకు రంగు,
రంగుకు మా మామయ్య.

బేరం కుదిరాక ఆయన చేసే మొదటి పని
ఆ ఇంటి తలుపు తెరిచి మూయడం.
కిర్రుమంటే ఒకటి, గుర్రుమంటే ఇంకొకటి.
కళ్లు మూసుకుని వింటాడు,
అప్పుడు డబ్బా మూత తీస్తాడు.
"ఇల్లే చెబుతుందే. మనం ఒప్పుకోవాలి, అంతే."

ఆయన డబ్బాల మీద రంగుల పేర్లుండవు.
కొట్టువాడు నీలం, నంబరు పద్నాలుగు అని అచ్చేసిన చోట
కాగితం అంటించి రాసుకుంటాడు:
వంతెన కింద లారీ.
ఆదివారం చీపురు.
పక్కింటి కుట్టుమిషను, దారం తెగాక.

నాకూ ఆ జబ్బుందని తొమ్మిదేళ్లప్పుడు బయటపడింది.
కత్తులు సానపట్టేవాడు సందు మలుపులో పిల్లనగ్రోవి ఊదాడు.
"అబ్బ, ఎంత పసుపో!" అన్నాను
సూప్ గిన్నె ముందు.
అమ్మ చెంచా గాల్లోనే ఆగిపోయింది.
మామయ్య మాత్రం కుర్చీ నా దగ్గరికి లాక్కుని,
లోకంలో ఇంకో మనిషి దొరికినంత సంబరంగా
"పసుపేంటే పిచ్చిమొద్దూ, అది గులాబీ!" అన్నాడు.

అప్పటినుంచీ పోట్లాటే.
గ్యాసుబండ మీద ఇనప కమ్మీ మోత
ఆయనకు ఇటుక రంగు,
నాకు రంగే లేదు, ఒట్టి గీతలు.
కొండెక్కే పాత లిఫ్టు మూలుగు
ఆయనకు నశ్యం, నాకు తడిసిన ఆకుపచ్చ.
ఒక్క సముద్రసింహాల అరుపు దగ్గర మాత్రం
ఇద్దరం ఒకేసారి "వంకాయ" అనేసి
ఒకరి మొహం ఒకరు చూసుకుని
భయపడ్డాం.

ఈ పీడ లేనివాళ్లే నయం.
సన్న గొంతు వెలుతురు, బొంగురు గొంతు చీకటి
అంటే అందరూ తలూపుతారు, అక్కడితో ఆగుతారు.
నిజంగా కనిపించేవాళ్లకే
రాజీ కుదరదు.

ఒక శనివారం దోన్యా హెర్త్రూదిస్ క్యాసెట్ పట్టుకొచ్చింది.
అందులో ఆవిడ పెనిమిటి, రేవులో క్రేన్ నడిపినవాడు,
పందెం గుర్రాల పేర్లు చదువుతున్నాడు,
మధ్యమధ్య దగ్గుతున్నాడు.
"ఈ గొంతు రంగు వెయ్యండి ఇంటికి."
మామయ్య విన్నాడు: మాడిన పంచదార.
నేను విన్నాను: లేత జామకాయ.
ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి
"అయితే మీకెవరికీ ఆయన తెలీదన్నమాట" అని
క్యాసెట్ సంచిలో వేసుకుంది.
బయానా మాత్రం వెనక్కి అడగలేదు.
సోమవారం ఇల్లంతా తెలుపు వేశాం, ఒక్క తలుపు తప్ప.
తలుపు ఆవిడే వేసుకుంది.
ఏ రంగో చెప్పను.

ఈ చలికాలం మామయ్య ఎడమ చెవి పోయింది.
కుడిది పోయే దారిలో ఉంది.
"చీకటి పడుతుందనుకున్నానే ఇస్మేనియా,
కాదు, వెలిసిపోతోంది,
ఉతికి ఉతికి ఆరేసిన చొక్కాలాగా."
పొగమంచులో ఓడ కూత పెడితే
మెట్ల మీద నా పక్కన కూర్చుని మోచేత్తో పొడుస్తాడు:
"వచ్చిందా? ఎలా ఉంది?"

నీలం అనొచ్చు నేను.
ఆయన నీలం నాకు కంఠతా వచ్చు,
ఏ అంచున నలుపు తిరుగుతుందో కూడా.
"మట్టి రంగు" అంటాను.
"నీ మొహం!" అంటాడు,
ఇంకా ఇక్కడే ఉన్నవాడి గొంతుతో.

నిన్న రాత్రి వాన పట్టుకుంది.
మా రేకు మీద ముందు ఒకటీ అరా,
తర్వాత లెక్కలేకుండా.
తొంగి చూస్తే మామయ్య మేలుకునే ఉన్నాడు,
మంచం పక్క రేకుకు అరచెయ్యి ఆనించి,
తలుపు తెరిచి మూసినప్పటిలాగే
కళ్లు మూసుకుని.

అరచేతికి ఏ రంగు తగిలిందో పొద్దున అడగాలి.
ఎలాగూ
ఒప్పుకోను.