పావు తిప్పు

కాశీబుగ్గలో పాత ఇనుము కొట్లో దొరికింది
లావు టైర్ల కొండసైకిలు.
గొట్టం మీద ఎవరిదో పేరు, సగం గీకేసి ఉంది.
అయిదు వారాల కూలి పోసి తెచ్చుకున్నాను.

ఆదివారం జీడి ఫ్యాక్టరీకి సెలవు.
మందస దాటి, తోటల వెనక
మేకలు దిగే దారిన దిగాను.
దిగానంటే అబద్ధం.
అది దిగింది, నేను పడ్డాను.
మూడు ఆదివారాలు అంతే.
మోకాళ్లు రెండే కాబట్టి
మూడో దెబ్బ మోచేతికి.

తవిటినాయుడు ముందు సైకిలుని చూళ్లేదు.
గోడ పట్టుకుని నన్ను ఎక్కమన్నాడు.
బీడీ ఆరిపోయేదాకా చూశాడు.
"బండికేటీ నేదు గుంటా.
ఎవుడో పొడుగోడి కొలత మీదుంది.
ఆడి చొక్కా తొడుక్కుని
నువ్వు ఈత కొడతన్నావు."

ఆకాశం చూస్తున్న బ్రేకు రెక్కల్ని
కొంచెం నేలకేసి వంచాడు.
ముంజేయి మణికట్టు దగ్గర విరక్కుండా
తిన్నగా వేలి దాకా పారింది.
తర్వాత ఒక మర. పావు తిప్పు.
రెక్క నా వేలి దగ్గరికొచ్చింది
పిలవకుండానే పిల్లి వచ్చినట్టు.
"నాలుగేళ్లూ బ్రేకు మీదెట్టీసి
మరి దేంతో పట్టుకుంటావే? ఒక్కేలు చాలు."

సీటు గొట్టానికి గోళ్లరంగుతో రెండు గీతలు:
ఎక్కేటప్పటికి ఒకటి,
దిగేటప్పటికి నాలుగు వేళ్ల కిందన ఇంకోటి.
రంగు నాదే. పెళ్లిళ్లకని దాచుకున్నది.

"ఇక గాలి. బొటనేలితో నొక్కి సూడు,
ఎంత మెత్తగుందో" అన్నాడు.
నా వేలు చూసి ఆగిపోయాడు.

పదకొండేళ్లు జీడిగింజ పగలగొట్టిన వేళ్లు.
నూనె కాల్చి, తోలూడి,
మళ్లీ తోలొచ్చి, మళ్లీ కాలి,
ఇప్పుడు మెత్తనేదో గట్టిదేదో
వాటికి ఎవరైనా చెప్పాల్సిందే.

కాసేపు రోడ్డుకేసి చూశాడు.
"సెవులున్నాయి కదా" అని
స్పానరు వెనకతో టైరు మీద కొట్టాడు.
టంగుమంది.
బుస్సుమని కొంత వదిలాడు. మళ్లీ కొట్టాడు.
ఉద్దానం పిల్లని నేను.
కొబ్బరికాయ చెవి దగ్గర తడితే చాలు,
లోపల నీళ్లెంతో కండెంతో చెప్పేస్తాను.
"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపు.
ముందుది ఇంకాస్త లేతగా ఉండాలి."
ఈసారి చెప్పింది నేను.

ఆ ఆదివారం అవే రాళ్లు, అవే జీడివేళ్లు.
రబ్బరు రాయిని కరవలేదు,
నాలికతో తడిమి చూసి వదిలేసింది.
మూడుసార్లు పడ్డ మలుపు దగ్గర
ఒక్కసారి కాలు నేలకి ఆనింది, నిజమే.
అయినా ఈసారి నేనే దిగాను.
కింద నిలబడి గుండె తగ్గేదాకా
చేతుల్ని చూసుకున్నాను.
ఒక్క వేలే ఎర్రగా కందింది.

సోమవారం.
నా మిషను పెడలు
మునివేళ్లతో తప్ప అందదు.
తొమ్మిదేళ్లుగా అందదు.
రాత్రిళ్లు నడుం నొప్పికి
నా నడుమునే తిట్టుకున్నాను.

తవిటినాయుడి దగ్గర అడిగి తెచ్చిన స్పానరు
కొంగులోంచి తీశాను.
తుప్పు పట్టిన నట్టు ముందు మొరాయించింది.
"ఏటి చేస్తన్నావు?" సూపర్‌వైజరు గుమ్మంలోంచి.
"ఏటీ నేదు. పావు తిప్పు."

పక్క మిషను మీద దమయంతి
గింజ పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి
వంగి
తన కాళ్లకేసి చూసుకుంది.