సీసాలో సీసం

చేపల జానయ్య
క్వార్టర్ సీసాల నీళ్లు పట్టుకొచ్చిండు.
లేబుల్ గోటితో గీకిండు గానీ
సగం గుర్రం ఇంకా మిగిలే ఉన్నది.
దుప్పలగూడెం నుంచి నల్లగొండకు రెండు బస్సులు మారి
ఒళ్లె పెట్టుకొని తెచ్చిండు, చంటిపిల్ల లెక్క.

"ఆ రేకుల ఫ్యాక్టరీ మీద కాయితం రాసియ్యి బిడ్డా.
మనవడు పొద్దుమాపు కడుపునొప్పంటడు,
చెప్పింది చెప్పినట్టే మర్సిపోతడు."

ఈ సీసా పనికిరాదన్న.
ఆమ్లంతో కడిగిన ప్లాస్టిక్ డబ్బా చేతిల పెట్టిన.
"నీళ్లు అవ్వే గద."
నీళ్లు అవ్వే పెద్దయ్యా.
సీసా కూడా సాక్ష్యం చెప్తది,
దాని సాక్ష్యం మనకొద్దు.

మూడోనాడు మళ్లొచ్చిండు.

అప్పటికి నేను ఎలక్ట్రోడు రుద్దుతున్న.
శనగగింజంత నల్లటి కార్బన్ బిళ్ల,
అల్యూమినా పొడి, తడిగుడ్డ,
ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పి తిప్పి
అద్దమయ్యేదాకా.
అనిలీన్ ద్రవంల ముంచి కరెంటు పెడితే
చుట్టు చుట్టుకు పచ్చబడ్డది
వానకాలం బాయిగోడకు పాకిన నాచు తీరు.

"ఏందది?"
పాలిమర్ అంటే ఏం తెలుస్తదని
అల్లిక అన్న.
ముడి ముడికి ఒక నత్రజని కొక్కెం,
లోహం వస్తే పట్టుకుంటది.
"అంటే వలనే గద!"
నవ్విండు. ముందువరుస పండ్లు రెండు లేవు.
"మరి కన్నెంత?"

నాలుగేండ్ల సంది మా గైడు అడగని ప్రశ్న.
జవాబు నా దగ్గర లేదు.

నైట్రోజన్ బుడగలు వదిలి,
రుణ వోల్టేజీ దగ్గర ఐదు నిమిషాలు కాసుకున్నం.
బీడీ తీసిండు, బోర్డు చూసి మళ్ల జేబుల పెట్టుకున్నడు.
పచ్చపొర మీదికి ఎవరెవరో ఎక్కుతున్నరు, కనపడరు.
ఇగ బస్సు కదిలింది,
మైనస్ ఒకటి నుంచి సున్నా దిక్కు.
ఎవరి స్టేజీ రాంగనే వాళ్లు దిగాలె.

కాడ్మియం స్టేజీ.
ఎవరూ దిగలే.
గీత ఎండిన చెరువు లెక్క సాపుగ ఉన్నది.

మైనస్ సున్నా పాయింట్ ఐదు.
లేచింది.
నల్లగొండకు అటొక గుట్ట, ఇటొక గుట్ట.
తెర మీద మూడోది.

తొమ్మిదో తరగతిల సీసమంటే పద్యమనుకున్న.
"సీసం కింద ఎత్తుగీతి లేకుంటే మార్కులు పోతయి"
అనేటోడు తెలుగు సారు.
ఇదిగో సారూ, సీసం.
ఇదిగో ఎత్తు గీత.

తెలిసిన సీసం చుక్క కలిపి మళ్ల చూసిన,
ఇంకో చుక్క, ఇంకోసారి.
గుట్ట అక్కడే పెరిగింది, జరగలే.

"ఫ్యాక్టరీదే గద?"

ఫ్యాక్టరీ గోడపక్క బాయి నీళ్లు పోయినవారమే చూసిన,
ఈ స్టేజీల ఎవరూ దిగలే.
అది మంచిదని కాదు,
నా వలకు పడనివి ఎన్ని ఉన్నయో.
కానీ ఇది మాత్రం...
నీ బాయి కాడ ఏం చేస్తవు పెద్దయ్యా?

"ఏమున్నది.
పాత బ్యాటరీలు పగలగొట్టి, కరగబెట్టి
వలకు గుండ్లు పోస్త.
ఇరువై ఏండ్ల సంది."
ఆగిండు.
"మనవడే కొలిమి ఊదుతడు."

నైట్రోజన్ సిలిండర్ సన్నగ బుసకొడుతున్నది.
కట్టేయాలని తోచలే.

జేబుల నుంచి ఒక గుండు తీసి బల్ల మీద పెట్టిండు.
రేగుపండంత. అరిగి, మెత్తగ, నెమలికంఠం రంగుల.
ఏండ్ల తరబడి వేళ్లు తిరిగిన నునుపు.
"ఇది లేకుంటే వల మునగదు బిడ్డా."

లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో రాసి సంతకం పెట్టిన.
'ఫిర్యాదు ఎవరి మీద' అన్న గడిల ఏమీ రాయలే.
కాయితం వెనక
పిల్లగానికి చేయించాల్సిన రక్తపరీక్ష పేరు రాసిన.
పెద్దక్షరాలతో.

మడిచి అంగీ లోపలి జేబుల పెట్టుకొని
ఖాళీ డబ్బా అడిగిండు.
"ఇంటి ముందటి చేతిపంపు నీళ్లు కూడ తెస్త."
గుండు మాత్రం తీసుకపోలే.

గుడ్డ తడిపిన.
పచ్చదనం పోయేదాకా
మళ్ల ఎనిమిది, మళ్ల ఎనిమిది.