మంగళవారం దగ్గు

నాకు బాగా నచ్చిన టీవీ కామెడీ ఏదంటే
పేరు చెప్పను. చెప్పినా మీరు చూసింది అది కాదు.
మీరు చూసినదాంట్లో భార్యకు భార్య గొంతుంటుంది,
పిల్లాడికి పిల్లాడిది.
మేం చూసినదాంట్లో అందరికీ విటోల్డ్ గారి గొంతే.

వూచ్ నగరంలో, నాలుగో అంతస్తులో,
లిఫ్టు మూడో అంతస్తు దాకానే వచ్చే భవనంలో
మంగళవారం రాత్రి ఎనిమిదింటికి
అమెరికా వాళ్ల పసుపురంగు వంటిల్లు వెలిగేది.
వాళ్లు మాట్లాడుతూ ఉంటే, ఆ మాటల మీద
ఇస్త్రీపెట్టె నడిపినట్టు
ఒక నడివయసు మనిషి పోలిష్‌లో చదువుకుంటూ పోయేవాడు.
"నేను గర్భవతిని" అనేవాడు, రైళ్ల వేళలు చెప్పినట్టు.
"అమ్మా, తాబేలు వాషింగ్ మెషీన్లో ఉంది."
"నువ్వు లేకపోతే చచ్చిపోతాను."
అన్నీ అదే గొంతుతో.
వెనక ఎక్కడో జనం పగలబడి నవ్వేవాళ్లు,
మా కంటే అర సెకను ముందు.

ఏడేళ్లు నాకు.
ఆ ఇంట్లో ఒకాయన దాక్కున్నాడని నమ్మేదాన్ని,
సోఫా వెనకో, ఫ్రిజ్ పక్కనో నక్కి
అందరి తరఫునా మాట్లాడిపెడతాడని.
మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది.
ఆ చలికాలం అమ్మా నాన్నా మాటలు మానేశారు.
బల్ల వెడల్పు మూడు జానలు,
ఉప్పు కావాలన్నా నా మీదుగానే వెళ్లాలి.
"ఉప్పు ఇవ్వమంటున్నాడు."
"కళ్లెదురుగానే ఉందంటోంది."
రంగూ రుచీ లేకుండా అప్పజెప్పేదాన్ని,
విటోల్డ్ గారిని చూసి నేర్చుకున్నదే.

అమ్మ పనిచేసిన నూలుమిల్లును అప్పటికే తూకానికి అమ్మేశారు.
పంతొమ్మిదేళ్ల హోరు మాత్రం ఆమె చెవుల్లో ఉండిపోయింది,
అందుకే టీవీ గొంతు ఎప్పుడూ పెద్దదే.
పక్కింటి గ్రజినా గరిటెతో గోడ మీద కొట్టీ కొట్టీ,
చివరికి తన కుర్చీ తనే మోసుకొచ్చి మా వెనక కూర్చునేది.

వాళ్ల భోజనాల బల్లకు మూడు వైపులే మనుషులు.
నాలుగో వైపు మేం.
మా బల్లకూ మూడు వైపులే, నాలుగో వైపు గోడ.
ఆ గోడలోంచి మమ్మల్ని చూసి
ఎవరైనా నవ్వుతున్నారేమోనని తినేటప్పుడు తిన్నగా కూర్చునేదాన్ని.

ఫిబ్రవరిలో విటోల్డ్ గారికి జలుబు చేసింది.
పసుపు వంటింట్లో ఆవిడ మొగుడి ముందు నిలబడి
చేతిలో ఏదో కాగితంతో మొదలుపెట్టింది.
"ఇరవై ఏళ్లుగా నిన్ను..."
దగ్గు.
ఒకటి కాదు, మూడు. గ్లాసు చప్పుడు.
"క్షమించండి" అన్నాడాయన,
ఎవరి తరఫునా కాదు, తన తరఫున.
తెర మీద ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి, పాపం,
మాట దిక్కులేక.

అమ్మ నవ్వింది.
అమెరికాలో ఎవరూ నవ్వని చోట,
మిల్లు మూశాక మొదటిసారి,
పొట్ట పట్టుకుని, గ్రజినా చెయ్యి పట్టుకుని.
"ఎవరైనా ఆయనకి కాసిని వేడినీళ్లు ఇవ్వకూడదూ" అన్నాడు నాన్న.
ఎవరితో అన్నాడో తెలీక
అప్పజెప్పడానికి నేను నోరు తెరిచాను.
"తేనె కూడా వెయ్యాలి" అంది అమ్మ.
సూటిగా. ఆయన వైపు చూసి.
నోరు మూసుకుని పడుకున్నాను ఆ రాత్రి,
ఉద్యోగం పోయినందుకు హాయిగా.

కలిసిపోయారని చెప్పను.
రెండేళ్ల తర్వాత నాన్న గ్దీన్యా వెళ్లిపోయాడు, రేడియో పట్టుకుని.
టీవీ మాకు వదిలేశాడు.

ఇప్పుడు అదే కథ ఫోన్లో దొరుకుతోంది, అసలు గొంతులతో.
ఆవిడది కీచుగొంతు. పిల్లాడికి కొంచెం నత్తి.
ఎవరింట్లోకో చెప్పకుండా వచ్చినట్టుంది నాకు.
అయినా వెతికి వెతికి ఆ భాగం పట్టుకున్నాను.
ముప్ఫై ఏళ్లుగా దగ్గు కింద ఉండిపోయిన మాట
ఆవిడ ఈసారి పూర్తిగా చెప్పింది.
లాండ్రీ బిల్లు గురించి.

వెనక్కి జరిపాను.
గొంతు తగ్గించి, ఆ చోట
నేనే దగ్గి చూశాను.
సరిగ్గా రాలేదు.