తలారి లోటా

మా బొహీమియా కొండల్లో గాజుకి
ముందు ఊపిరి, తర్వాతే రంగు.
బట్టీ దగ్గర మగవాళ్ళు ఊదుతారు.
చల్లారాక, బుట్టల్లో గడ్డి పరిచి
నా కిటికీ కిందికి తెస్తారు.
ఆకుపచ్చ గాజు, బుడగల గాజు,
అడవి బూడిద ఇంకా వదలని గాజు.

ఉడత తోక కుంచె, ఒక్క వెంట్రుక మందం.
రొట్టెల సంఘానికి మెలితిప్పిన రొట్టె,
పీపాలవాళ్ళకి సుత్తి, ఇనప పట్టీ.
కసాయి బాల్తజార్
ఏటా ఎద్దుని ఇంకాస్త లావుగా వెయ్యమంటాడు:
"తాగేటప్పుడు కనబడేది అదే కదా, అపొలోనియా!"
తోళ్ళు ఊనేవాళ్ళు పేర్లన్నీ రాయిస్తారు,
చచ్చిపోయినవాళ్ళవి కూడా.
వాళ్ళ వంతు బీరు ఎవరు తాగుతారో నేనడగను.

తెలుపు ఎక్కువ కాలితే పగులుతుంది.
ఎరుపు తక్కువ కాలితే గోటికి ఊడొస్తుంది.
పదిహేడేళ్ళలో నేర్చుకున్నది ఇదీ, ఇంకొంచెమూ.

క్రిస్మస్ ముందు వారం
పెరటి తలుపు తట్టాడు తలారి.
వీధి తలుపు అతనికి ఏ ఇంటికీ లేదు.
బీరు కొట్లో మూడుకాళ్ళ పీట ఒకటి అతనిది,
ఇంకెవరూ పొరపాటున తాగకుండా
గోడకి గొలుసేసిన మట్టి ముంత ఒకటి.
డబ్బు నా చేతికివ్వలేదు,
గడప మీద పెట్టి వెనక్కి జరిగాడు.
"నాకూ ఒకటి. నా పని వేసి."
"ఏ పని?" అనేసి
నాలిక కరుచుకున్నాను.
కత్తి తేలికే, ఒక్క గీత.
ఉరితాడు మరీ తేలిక,
తాళ్ళు పేనేవాళ్ళకి ఏటా వేసేదే.

అతను చేతులు చూసుకున్నాడు.
"మీకు తెలిసిన పనే."

తెలుసు.
మా కిలియన్ కట్టెల బండి మీంచి పడి
మోచెయ్యి వెనక్కి తిరిగిన రోజు,
చీకటి పడేదాకా ఆగి
శాలువలో చుట్టి ఊరి గోడ అవతలికి మోసుకెళ్ళాను.
ఎముక విరిచేవాడికే అతకడం తెలుసునని
ఊరంతా ఎరుగు, ఊరంతా వెళుతుంది,
ఒకరికొకరు కనబడకుండా.
అతను పిల్లాడికి తేనె నాకించి
ఎలుగుబంటి కథేదో చెబుతూ చెబుతూ
టక్కున లాగాడు.
తిరిగొస్తుంటే ఎదురయ్యాడు బాల్తజార్,
మణికట్టు గుడ్డలో చుట్టుకుని.
ఇద్దరం మంచుని చూస్తూ నడిచాం.

మూడు రోజులు పట్టింది.
రెండు పెద్ద చేతులు, మధ్యన చిన్న మోచెయ్యి,
వెదురంత సన్నని బద్దలు, తెల్ల పట్టీ.
పేరు రాసే చోట కుంచె ఆగింది.
ఇన్నేళ్ళుగా తలారీ అనే పిలిచాం.
మళ్ళీ వచ్చినప్పుడు అడిగాను.
"ఫైట్" అన్నాడు,
చాలాకాలం తిప్పని తాళంలా.
రాశాను, కాల్చాను.
పట్టీ మీద తెలుపు కాస్త పగిలింది.

ఇప్పుడది బీరు కొట్లో
అదే గొలుసుకి వేలాడుతోంది.
మావాడు వెళ్ళి చూసి, అందరిలో
"అది నా చెయ్యి" అని గట్టిగా అన్నాడట.
ఎవరూ మాట్లాడలేదట.
బాల్తజార్ మాత్రం
తన ఎద్దుని అరచేత్తో మూసి
తాగాడట.