నిలువు ఇల్లు

రైతుబజారు అరటాకుల కట్టలో వచ్చింది
బొటనవేలంత చెట్టుకప్ప.
వదిలేద్దామనేలోపే మా పావని
"పకోడీ" అని పేరు పెట్టేసింది.

చేపల తొట్టె అడ్డంగా ఉంటుంది,
ఇదేమో నిలువుగా బతికేది.
పూర్ణా మార్కెట్లో మూతపడ్డ బేకరీవాళ్ళ
కేకుల అద్దాలపెట్టె బేరమాడి తెచ్చి
నిలబెట్టాను.
నాలుగుసార్లు తోమినా
వెనిల్లా వాసన పోలేదు.

అడుగున తడిపిన కొబ్బరిపొట్టు,
ఏటవాలుగా జామకొమ్మ, మనీప్లాంటు తీగ,
పైన దోమతెర.
కుళాయినీళ్ళు మందు వాసన.
బకెట్లో ఒక రాత్రి నిద్రపోయి లేచాకే
దాని గిన్నెలోకి.
కీచురాళ్ళ కోసం సీసా పట్టుకుని
పిల్ల మెట్లకింద పాకుతోంది.

పోలారావు హార్బర్ నుంచి వచ్చీరాగానే
తెర ఎత్తబోయాడు.
"ఆగు మావా, నీ సేతుల్నిండా ఉప్పే.
అది తోలుతోనే నీళ్ళు తాగుద్ది."

చేతులు తిప్పి చూసుకున్నాడు.
ఇరవై ఏళ్ళ వలలు, ఐసు,
గోళ్ళ సందుల్లో సముద్రం.
మోచేతులదాకా మూడుసార్లు కడిగాడు.
మా పెళ్ళిచూపులకి కూడా
ఇంతలా కడుక్కుని వచ్చుండడు.
అయినా ముట్టలేదు.
"ఎన్ని కడిగినా ఇది పోదులే"
అద్దానికి ముక్కు ఆనించి కూలబడ్డాడు.

అవతలివైపు
నాలుగు కాళ్ళూ అద్దానికి అతికించుకుని
అదీ కదల్లేదు.
తెల్లటి పొట్ట. గొంతుకింద
గాలికి ఆడే చిన్న తెరచాప.

మూడింటికి బోటెక్కాల్సిన మనిషి
లైటార్పి,
చప్పుడు కాకుండా
రేపటి బకెట్ నింపి పడుకున్నాడు.