పుట్టీ కింద

శనివారం. ఉత్తర వేల్స్‌లో వాన
నిన్నటి నుంచీ అదే పనిగా
పలకరాతి కొండల్ని కడుగుతోంది.
షెడ్డు రేకుల కింద మేం నలుగురం,
అరవై నాలుగేళ్ల డీజిల్ ఇంజనూ.

గుండె గట్టిదే దీనికి.
మీట నొక్కితే దగ్గి, తిట్టి, లేస్తుంది.
చెడింది ఒళ్లు.
తలుపు కింది అంచులు
టీలో ముంచిన బిస్కెట్టులా చేతికొస్తున్నాయి.

నీలం గీకితే ఆకుపచ్చ,
ఆకుపచ్చ గీకితే ఇటుకరంగు ప్రైమరు,
దాని కింద
వేలు మందాన పుట్టీ.
పైన పటారం, లోన లొటారం.
సుత్తితో తడితే ఖంగుమనాల్సిన చోట
పండిన గుమ్మడికాయ పలికింది.

గ్వెన్‌లియన్ నీడిల్ గన్ ఆనించింది.
పెచ్చులు పెచ్చులుగా ఊడి
వెనక నుంచి బయటపడింది ఒక రేకు అతుకు.
అరచేతంత. నాలుగు పక్కలా
పిట్టరెట్టల్లాంటి వెల్డింగు.
"ఏ గుడ్డివాడు చేశాడో మహానుభావుడు!"
చెవుల మీది మఫ్లు తియ్యకుండానే అరిచింది.
అందరం నవ్వాం.
ఎమ్రిస్ నవ్వలేదు.

మాలో చెయ్యి తిరిగినవాడు అతనే.
అతను వేసిన అతుకు మీద వేలు నడిపితే
పాత ఇనుము ఎక్కడ ఆగిందో
గోరుకి కూడా తెలీదు.
ఫ్లాస్కు మూత బిగించి వచ్చి
డెబ్బై ఒక్క ఏళ్ల మోకాళ్లని నేలకి దించి
కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
చూశాడు,
అటక మీద దొరికిన నోటు పుస్తకంలో
తన చేతిరాతే చూసినట్టు.

"మార్చి నెల. మంగళవారం సాయంత్రం," అన్నాడు.
"తెల్లారేసరికి ఇది పలకల బండి లాగాలి.
మసి పూసి మారేడుకాయ చెయ్యరా అబ్బాయ్,
అన్నాడు ఫోర్‌మన్.
నాకప్పుడు పద్దెనిమిది."

రేకుల మీద వాన.
గ్వెన్‌లియన్ ఇప్పుడు తీసింది మఫ్లు.
"పోనీలే, ఇన్నేళ్లూ పట్టుకునే ఉంది కదా," అంది.
"పట్టుకున్నది పుట్టీ," అన్నాడు.

గ్రైండరు ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు.
నిప్పురవ్వలు నా బూట్ల దాకా దూకాయి.
అతుకు ఊడి కాంక్రీటు మీద
చిల్లర పడ్డంత చప్పుడు చేసింది, అంతే.
కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టె విప్పి
కంతకి ఆనించి, పెన్సిలు తిప్పి
కొలత తీసుకున్నాడు. మళ్లీ తీసుకున్నాడు.
కొత్త రేకు కత్తిరించేసరికి చీకటి పడింది.

తాళం వేస్తూ అడిగాను,
వచ్చే శనివారం ఎడమ తలుపేగా అని.
కాలరు పైకెత్తుకుని వానలోకి దిగుతూ అన్నాడు:
"అదీ నేనే చేశాను."