జాడ

రాత్రి పదకొండున్నర. పాలమూరు క్లాక్ టవర్ వెనక
టైర్ల దుకాణం మీది గదిల నేను.
మన్ననూరు అడవి ఆఫీసుల సర్వరు.
నడుమ ఘాటు రోడ్డు, గాలొస్తే తెగే నెట్టు,
ఫోన్ల చిగుర్ల ఈదన్న గొంతు.

"మేడమ్, ఇది సచ్చిపోయింది. పంకలు తిరుగుతలెవ్వు."
సావలేదన్నా. వెనక మూలకు పచ్చలైటు మినుకుతున్నదా?
"మినుకుతున్నది."
అయితే లోపట ఒక చిన్న చిప్పు మెలకువతోని ఉన్నది.
పెద్ద మిషను పండుకున్నా అది పండుకోదు.
దాని తలుపు వేరే. తాళంచెవి ముందట
నాలుక లెక్క బయటికొచ్చే పట్టీ మీద ఉంటది, సదువు.

"నాకు ఇంగ్లీషు రాదు గదా."

కొంచెంసేపు ఇద్దరం ఊకున్నం.
తర్వాత టార్చి నొక్కిన చప్పుడు.

"మొదటిది కాళ్లు చాపిన మంచె, నడుమ అడ్డకట్టె.
రెండోది బురదల జెర్రిపోతు పోయిన గీత.
మూడోది నారి కట్టిన విల్లు, నారి ఎడమ దిక్కు.
ఏడు అంకె. అది నాకెరుకే.
ఒక్క మొదలు, రెండుగ చీలిన కొమ్మ..."

ఎనిమిది గుర్తులు. ఒక్కటి తప్పు కొట్టిన, తప్పు నాదే:
గుండ్రంగ ఉన్నదంటే అక్షరమనుకున్న.
"కాదు, సన్నగుంటది, గుడ్డు లెక్క" అన్నడు. సున్న.

తలుపు తెరుచుకున్నది.
ఇక్కడ నేను బటను నొక్కితే
అక్కడ పంకల హోరు ఫోను నిండ.
"లేచింది!" అని రెండడుగులు ఎనక్కి జరిగిండు.

లైనక్సు నా లాప్‌టాప్ నుంచి
చీమ బియ్యపుగింజ మోసినట్టు కొండ ఎక్కుతున్నది.
పన్నెండుంబావుకు చేరింది. చేరి ఒక్కటే మాట:
డిస్కులు లేవు.

"లేవంటదేంది? నా ముందట ఎనిమిది లైట్లున్నయి."

కార్డు పాతదన్నా. దాని డ్రైవరును
కొత్త కెర్నల్ల పట్టికకెల్లి కొట్టేసిన్రు.
ఎవరూ వాడుతలేరని.

"మా పెంట లెక్కనే" అని నవ్విండు.
నేను నవ్వలే.

పాత గోదాముల వెతికి వెతికి
డ్రైవరు దొరికిచ్చుకున్న. రెండో సీడీ లెక్క తగిలిచ్చిన.
ఎక్కించిన. ఆగిన. తెర మీద
ఒకటి. ఇంకొకటి.
చిన్నది సిస్టముకు. పెద్దది ఆరేండ్ల కెమెరా ఫొటోలు:
పులి పక్కటెముకల చారలు, ఎలుగు ముట్టె,
బ్యాటరీ మార్చొచ్చి తెలువక పడ్డ ఈదన్న మోకాళ్లు.
అన్నీ తుడవాల్నా అని అడిగింది మిషను.
కీబోర్డు మీదికెల్లి చేతులు తీసి
నీళ్లు తాగొచ్చిన. మళ్ల సదివిన. చిన్నది ఒక్కటే.

చివరికి, ఈ మిషనుకు పేరేంది అన్నది.
పేరు చెప్పన్నా.
"తునికిపెంట."
కొడుతున్న.
"ఆగు మేడమ్. మొదటి అక్షరం ఎట్లుంటది?"
ఒక్కటే గుంజ. దాని మీద అడ్డదూలం.

ఊ కొట్టిండు.
నేల మీద కట్టెపుల్లతోని గీసిన గరగర.